భీముడి గిన్నె

కోవిడ్ తర్వాత మన గ్రూపుల్లో కుక్కపిల్లల ఫోటోలు బాగా పెరిగాయి. పిల్లలు అడిగారనో, పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయి ఇల్లు బోసిపోయిందనో, మొత్తానికి చాలామంది ఇళ్ళలో నాలుగు కాళ్ళ శాల్తీ ఒకటి చేరింది. గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్... మనవాళ్ళకి ఎందుకో పెద్ద జాతులే ఇష్టం. చిన్న కుక్కని చూస్తే మావారు "ఇది కుక్కేంటి, పిల్లిలా ఉంది" అంటారు. అందుకని ఈసారి పెద్ద జాతి కుక్కపిల్లల తిండి గురించి రాస్తున్నాను. దాని మీద నాకూ మా కుక్కల డాక్టరుగారికీ వచ్చిన పేచీ గురించి కూడా.

మా ఇంటికి వచ్చింది గ్రేట్ డేన్. కుక్కపిల్ల అని చెప్పి దూడని తెచ్చారు. ఎనిమిది వారాలకే ఇరవై పౌండ్లు. మా అమ్మాయి ఏదో ఇంగ్లీషు పేరు అనుకుంది. కానీ మొదటి రోజు వాడు గిన్నె ఖాళీ చేసిన తీరు వీడియో కాల్‌లో చూసి, గుంటూరు నుంచి అత్తయ్య "వీడు వృకోదరుడే" అన్నారు. అంతే, భీముడైపోయాడు.

నేను పిల్లల వార్డులో నర్సుని. ఎదుగుదల చార్టులు చూడటం నాకు రోజువారీ పని. మనిషి బిడ్డ పుట్టిన బరువుకి రెట్టింపు కావడానికి సుమారు ఐదు నెలలు పడుతుంది, మూడు రెట్లు కావడానికి ఏడాది. గ్రేట్ డేన్ పిల్ల పుట్టినప్పుడు ఒకటి రెండు పౌండ్లు ఉంటుంది. ఏడాది తిరిగేసరికి నూరు పౌండ్లు దాటేస్తుంది. అంత బరువునీ మోయాల్సింది ఇంకా సగం మృదులాస్థిగా ఉన్న ఎముకలు. ఆ మెత్తటి పదార్థం సరైన వేళకి గట్టి ఎముకగా మారకపోతే కీళ్ళ దగ్గర పెచ్చులు లేస్తుంది, కాళ్ళు వంకర తిరుగుతాయి. మొక్కై వంగనిది మానై వంగదంటారు మనవాళ్ళు. ఎముక సంగతి తిరకాసు. మొక్కగా ఉన్నప్పుడే వంగిపోతుంది, మానయ్యాక సరిచేయలేం.

పేచీ పదహారో వారంలో మొదలైంది. ఆఖరి విడత టీకాలకి తీసుకెళ్ళాను. అప్పటికి 55 పౌండ్లు. డాక్టరుగారు పెద్దాయన, మంచి చెయ్యి, సూది వేసినట్టే తెలియదు. భీముణ్ణి అటూ ఇటూ నడిపించి, నడుము తడిమి చూసి, "బాగున్నాడు, కానీ వేగంగా పెరుగుతున్నాడు. పప్పీ ఫుడ్ ఇవాళ్టితో ఆపేయండి. పెద్ద కుక్కల ఆహారానికి మార్చండి. పప్పీ ఫుడ్‌లో ప్రోటీన్ ఎక్కువ, అదే ఎముకల్ని పాడు చేస్తుంది" అన్నారు. ఆ పెద్ద కుక్కల ఆహారం కౌంటరు దగ్గరే ఉంది, ఒక సంచీ తీసుకెళ్ళమన్నారు.

నేను అప్పటికి వాడికి పెడుతున్నది మామూలు పప్పీ ఫుడ్ కాదు, పెద్ద జాతి పిల్లల కోసమే చేసినది. ఆ మాట చెప్పాను. "ఏదైనా పప్పీ ఫుడ్ పప్పీ ఫుడ్డే" అన్నారు. "డాక్టర్, సమస్య ప్రోటీనా, కేలరీలా, కాల్షియమా?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు పైనుంచి నావైపు చూశారు. "ముప్ఫై ఏళ్ళుగా ఇదే చెప్తున్నాను, ఎవరూ ఇబ్బంది పడలేదు" అన్నారు.

ఆ రోజు నేను సంచీ కొనలేదు. "లేబుల్ ఫోటో తీసుకుంటాను, ఇంటికెళ్ళి చూసి చెప్తాను" అన్నాను. మా ఆసుపత్రిలో కూడా ఇదే పద్ధతి. డాక్టరు ఆర్డరులో డోసు తేడాగా కనిపిస్తే నర్సు మందు ఇవ్వకుండా ఆపి అడగాలి. అది అగౌరవం కాదు, మా ఉద్యోగమే అది. అడగకుండా ఇచ్చేస్తే ఆ తప్పులో మాకూ వాటా ఉంటుంది. అయితే ఆసుపత్రిలో అడిగినప్పుడు నా మెడలో బ్యాడ్జి ఉంటుంది. ఇక్కడ నేను యాసతో మాట్లాడే, చేతిలో పట్టీ పట్టుకున్న ఒక కస్టమర్‌ని. తేడా తెలుస్తుంది.

ఆయన మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని నైట్ షిఫ్టు బ్రేకుల్లో చదివాను. చదివాక ఆయన మీద కోపం సగం తగ్గింది. 1974లో కార్నెల్ యూనివర్సిటీలో ఓకే హెడ్‌హమ్మర్ అనే ఆయన బృందం గ్రేట్ డేన్ పిల్లల మీదే ఒక ప్రయోగం చేసింది. కొన్నిటికి పుష్టికరమైన ఆహారం తిన్నంత పెట్టారు. మిగతా వాటికి అదే ఆహారం అందులో మూడింట రెండు వంతులే పెట్టారు. తిన్నంత తిన్నవాటికి ఎముకల జబ్బులు వచ్చాయి. అయితే ఆ ఆహారంలో ప్రోటీనూ ఎక్కువే, కేలరీలూ ఎక్కువే, కాల్షియమూ ఫాస్ఫరసూ ఎక్కువే. ఇంట్లో నలుగురు అల్లరి పిల్లలుండగా గాజు పగిలితే ఎవరు పగలగొట్టారని చెప్తాం? అలాంటప్పుడు ప్రోటీన్ మీద అనుమానం పడటంలో వింత లేదు. "ప్రోటీన్ ఎక్కువైతే వేడి" అనే మాట మనకీ కొత్త కాదుగా.

ఆ నలుగురినీ విడదీసి చూసిన పని తర్వాత నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో జరిగింది. అక్కడ హెర్మన్ హాజెవింకెల్ బృందం మళ్ళీ గ్రేట్ డేన్ పిల్లలతోనే (పాపం, ఈ జాతి సైన్సుకి చేసిన సేవకి గుడి కట్టాలి) ఒక్కొక్క దాన్నే మార్చి చూసింది. 1980లలో కాల్షియం ఒక్కటే మూడు రెట్లు పెంచి పెట్టినప్పుడు మృదులాస్థి ఎముకగా మారే పని దెబ్బతింది. 1991లో వచ్చిన ఇంకో పరిశోధనలో ప్రోటీన్‌ని మూడు స్థాయిల్లో పెట్టారు, సుమారు 15 శాతం, 23 శాతం, 32 శాతం. 32 శాతం తిన్న పిల్లల ఎముకలకి దానివల్ల ఏ హానీ కనిపించలేదు. అంటే గాజు పగలగొట్టింది ప్రోటీన్ కాదు. ఎక్కువ కేలరీలు ఒకటి, ఎక్కువ కాల్షియం రెండు.

కాల్షియం ఎందుకు ముంచుతుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మనకి కాల్షియం అంటే దేవుడితో సమానం. పెద్ద కుక్క అయినా మనమైనా అవసరానికి మించి కాల్షియం తింటే పేగులు "చాలు" అని లోపలికి తీసుకోవడం తగ్గిస్తాయి. మిగతాది బయటికి పోతుంది. చిన్న కుక్కపిల్లకి, ముఖ్యంగా మొదటి ఆరు నెలలు, ఆ తలుపు సరిగ్గా మూసుకోదు. ఎంత పెడితే దానికి తగ్గట్టు లోపలికి వెళ్తూనే ఉంటుంది. రక్తంలో కాల్షియం పెరగకూడదు కాబట్టి శరీరం దాన్ని ఎముకలోకి తోసేస్తుంది. ఎముక తనని తాను కరిగించుకుంటూ కొత్త ఆకారం తెచ్చుకోవాల్సిన వయసులో ఆ కరిగించే పని ఆగిపోతుంది. చిన్న జాతి పిల్లలు దీన్ని తట్టుకుంటాయి. పెద్ద జాతివి తట్టుకోలేవు.

ఇప్పుడు లేబుళ్ళ సంగతి. అమెరికాలో కుక్కల ఆహారానికి పోషకాల కొలతలు పెట్టేది ఆఫ్కో అనే సంఘం. రాష్ట్రాల్లో దాణా నియంత్రణ చూసే అధికారుల సంఘం అది, 1909 నుంచీ ఉంది. సంచీ మీద బొమ్మ, "ప్రీమియం", "నేచురల్" లాంటివన్నీ వదిలేసి వెనక్కి తిప్పితే, చీమల బారులాంటి అక్షరాల్లో ఆఫ్కో పేరుతో ఒక వాక్యం ఉంటుంది. ఈ ఆహారం ఏ వయసు కుక్కకి సరిపోతుందో అక్కడే చెప్తారు. ఎదిగే పిల్లలకి అని ఉంటే దాని చివర "పెద్దయ్యాక 70 పౌండ్లు, అంతకు మించి తూగే కుక్కల ఎదుగుదలతో సహా" అనో, "అలాంటి కుక్కల ఎదుగుదల తప్ప" అనో రాసుంటుంది. ఆ "సహా"కీ "తప్ప"కీ మధ్యే మన పిల్లల మోకాళ్ళు ఉన్నాయి. పెద్ద జాతి పిల్లలకైతే ప్రతి వెయ్యి కేలరీలకి కాల్షియం 4.5 గ్రాములు దాటకూడదు. మిగతా కుక్కలకి 6.25 గ్రాముల దాకా పర్వాలేదు.

డాక్టరుగారు చూపించిన సంచీ మీద ఉన్నది "పెద్ద కుక్కలకి" అన్న మాట మాత్రమే. ఎదుగుదల ఊసే లేదు. సంచీ మీద రాసేది సాధారణంగా కనీసం ఇంత కాల్షియం ఉందని, గరిష్ఠం ఎంతో చెప్పరు. మనకి కావలసింది ఆ గరిష్ఠమే. సంచీ మీద ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడిగితే అసలు ఎంత ఉంటుందో చెప్పారు. రెండు కంపెనీలకీ చేశాను. చెప్పలేని కంపెనీ అయితే ఆ సంచీ మన ఇంటికి అక్కర్లేదని నా అభిప్రాయం.

లెక్క ఇలా వచ్చింది. నేను పెడుతున్న దానిలో కిలోకి 3,600 కేలరీలు, కాల్షియం 11 గ్రాములు. అంటే వెయ్యి కేలరీలకి 3 గ్రాముల పైచిలుకు. ఆయన చెప్పిన దానిలో కిలోకి 3,200 కేలరీలు, కాల్షియం 17 గ్రాములు. అంటే వెయ్యి కేలరీలకి 5.3 గ్రాములు. ఆ వయసులో భీముడికి రోజుకి సుమారు 1,600 కేలరీలు కావాలి. నా గిన్నెలో అయితే దానితో 4.9 గ్రాముల కాల్షియం వెళ్తుంది. ఆయన గిన్నెలో అయితే 8.5 గ్రాములు. కేలరీలు తక్కువ ఉన్న ఆహారం కాబట్టి కడుపు నిండటానికి ఎక్కువ తినాలి, ఎక్కువ తింటే ఎక్కువ కాల్షియం. ఎదుగుదలని నెమ్మది చేద్దామని మార్చిన ఆహారమే అసలు ప్రమాదాన్ని పెంచుతుంది. పెద్ద కుక్కల ఆహారాలన్నీ ఇలాగే ఉంటాయని కాదు, కొన్నిట్లో కాల్షియం తక్కువే ఉంటుంది. కానీ ఆయన నా చేతికి ఇచ్చింది ఇది.

మేం ఆసుపత్రిలో డాక్టరుకి ఫోన్ చేసే ముందు ఎస్‌బార్ అని ఒక పద్ధతి వాడతాం. పరిస్థితి ఏంటి, వెనక కథ ఏంటి, నేను గమనించింది ఏంటి, ఏం కోరుతున్నాను, ఈ నాలుగూ క్లుప్తంగా. భీముడి విషయం కూడా అలాగే ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళాను. డాక్టరుగారు చదివారు. చివరి దాకా చదివారు, అది ఒప్పుకోవాలి. "కాల్షియం లెక్క సరే. ప్రోటీన్ విషయంలో నా అనుభవం వేరు" అన్నారు. ఈ సబ్జెక్టులో బోర్డు సర్టిఫికెట్ ఉన్న న్యూట్రిషన్ స్పెషలిస్టుకి రిఫరల్ ఇవ్వమన్నాను. ఇస్తానన్నారు గానీ ముఖం ముడుచుకుంది.

ఇంటికొచ్చాక క్లినిక్ వాళ్ళ పోర్టల్‌లో విజిట్ నోట్సు చూశాను. "ఆహారం మార్పునకు యజమాని నిరాకరణ" అని ఉంది. ఆ వాక్యం చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అలాంటి వాక్యం నేను ఎన్ని చార్టుల్లో రాశానో. తల్లి ఎందుకు వద్దందో రాయడానికి ఆ గడిలో చోటుండదు. నాకున్న కారణాలు ఒక పేజీ నిండా ఉన్నాయి, చార్టులో నేను మొండి యజమానిని. ఆ తర్వాతి వారం డ్యూటీలో అలాంటి గడి వచ్చినప్పుడు ఆ తల్లి చెప్పింది చెప్పినట్టు పక్కన రాశాను. ఛార్జి నర్సు ఎందుకింత పొడుగు అంది.

ఇక ఎంత పెట్టాలన్న దగ్గర నేనూ డాక్టరుగారూ ఒక పక్షం, మా ఇల్లంతా ఇంకో పక్షం. పెద్ద జాతి పిల్ల సన్నగా పెరగాలని ఆయన మొదటి రోజే చెప్పారు, నేను నూటికి నూరుపాళ్ళు ఒప్పుకున్నాను. దీనికి గట్టి ఆధారం ఉంది. ప్యూరినా కంపెనీ 1987లో 48 లాబ్రడార్ పిల్లలతో ఒక పరిశోధన మొదలుపెట్టింది. ఒక ఈతలో పుట్టిన వాటిని జతలు చేసి, ఒకదానికి పెట్టిన దానికంటే రెండోదానికి 25 శాతం తక్కువ పెట్టారు, జీవితాంతం. 2002లో ఫలితాలు వచ్చాయి. తక్కువ తిన్నవి మధ్యస్థంగా 13 ఏళ్ళు బతికాయి, ఎక్కువ తిన్నవి 11.2 ఏళ్ళు. కీళ్ళ అరుగుదల కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. కుక్కల తిండి అమ్ముకునే కంపెనీయే తక్కువ పెట్టమని తేల్చిందంటే నమ్మొచ్చు.

ఈ కథంతా అత్తయ్యకి చెప్పి చూడండి! భీముడికి ఐదో నెల వచ్చేసరికి ఆవిడ గుంటూరు నుంచి మా దగ్గరికి ఫ్రిస్కో వచ్చారు. వాకిట్లో అడుగు పెట్టగానే "ఇదేంటమ్మా, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు! చూసినవాళ్ళు మనం తిండి పెట్టట్లేదనుకుంటారు" అన్నారు. మన ఇళ్ళలో ఒళ్ళు చేయడం అంటే ప్రేమ, సన్నబడటం అంటే దిష్టి. నా పిల్లలు చిన్నప్పుడు కూడా డాక్టరు బరువు బాగానే ఉందన్నా ఆవిడ నమ్మలేదు. నేను చూడనప్పుడు బల్లకింద నుంచి నెయ్యన్నం ముద్దలు వెళ్ళేవి. మావారు అటే. "ఏదో ఒక ముద్ద" అంటారు. రోజుకి ఆరుగురు ఒక్కో ముద్ద పెడితే అది ఒక పూట భోజనం.

దీనికి నేను కనిపెట్టిన ఉపాయం చెయ్యి. మీరూ చూడండి. పిడికిలి బిగించి వేళ్ళ కణుపుల మీద ఇంకో చేతి వేళ్ళు ఆనించండి. కుక్క పక్కటెముకలు అలా తగిలితే మరీ సన్నం. చెయ్యి తిరగేసి అరచేతి కింద ఎముకలు వెతకండి. అలా దొరక్కుండా ఉంటే లావు. చెయ్యి చాపి వెనకవైపు తడిమితే సన్నటి చర్మం కింద ఎముకలు తెలుస్తాయి చూశారా, అలా ఉంటే సరి. అత్తయ్య చేత ఇది రోజూ చేయించాను. మూడో వారానికి ఆవిడే మావారితో "ఒరేయ్, చెయ్యి పెట్టి చూసి మాట్లాడు" అనడం మొదలుపెట్టారు.

కానీ ఆవిడ సూట్‌కేసులో ఇంకోటి వచ్చింది. కాల్షియం సిరప్, మూడు సీసాలు. గుంటూరులో పక్కింటి వాళ్ళ జర్మన్ షెపర్డ్‌కి డాక్టరు రాసిందట, గుర్రంలా పెరిగిందట. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. అక్కడి డాక్టరు రాసినదానికి అర్థముంది. ఆ కుక్క తినేది అన్నం, కోడి మాంసం, కొంచెం పాలు. మాంసంలో ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, కాల్షియం నామమాత్రం. అన్నంలోనూ ఉండదు. పిల్లకి అదే పెడితే రక్తానికి కావలసిన కాల్షియం కోసం శరీరం సొంత ఎముకల్నే తవ్వుకుంటుంది, కాళ్ళు మెత్తబడి విరుగుతాయి కూడా. అలాంటి గిన్నెలో కాల్షియం కలపాలి, ఎంతో డాక్టరు లెక్కేసి చెప్పాలి. భీముడి గిన్నెలో ఉన్నది అన్నీ కొలిచి చేసిన ఆహారం. దాని మీద సిరప్ పోయడమంటే ఉప్పు వేసిన కూరలో మళ్ళీ ఉప్పు వేయడం. రెండు దేశాల డాక్టర్లు ఎదురెదురుగా చెప్తున్నట్టు కనిపిస్తుంది గానీ, గిన్నెలు వేరు.

ఆరో నెలలో ఒక ఉదయం భీముడు ముందు కుడికాలు నేల మీద ఆనించలేదు.

ఆ పది రోజులు నాకు ఇప్పటికీ గుర్తొస్తే గుండె జారుతుంది. మా అమ్మాయి వాడి పక్కనే నేల మీద పడుకుంది. మావారు గట్టిగా ఏమీ అనలేదు, "డాక్టరు మార్చమన్నప్పుడు మార్చి ఉంటే..." అని సగంలో ఆపేశారు. పూర్తిగా అన్నా బాగుండేది. అత్తయ్య సిరప్ సీసా చేతిలో పట్టుకుని వంటింట్లో తిరిగారు. "ఒక్క చెంచా. ఏమవుతుంది?" ఆ మాట ఎంత ప్రేమతో అన్నారో నాకు తెలుసు. సీసా తీసుకుని పై అరలో పెట్టాను. రాత్రి డ్యూటీలో ఉండగా మళ్ళీ లెక్కలన్నీ మొదటినుంచి వేసుకున్నాను. అంకెలు మారలేదు. అయినా నిద్రపోతున్న పిల్లల మధ్య కూర్చుని, ఆ అంకెల్ని నమ్ముకుని ఒక ప్రాణి కాళ్ళతో పందెం వేస్తున్నానా అనిపించింది. డాక్టరు మాట విని ఏదైనా అయితే అది అందరి దురదృష్టం. వినకుండా ఏదైనా అయితే అది నా ఒక్కదాని తప్పు. పిల్లల వార్డులో ప్రశ్నలడిగే తల్లులు ఎందుకంత అలిసిపోయి కనిపిస్తారో ఆ రాత్రి అర్థమైంది.

ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు తీస్తూనే "ప్రోటీన్ సంగతి చెప్పాను కదా" అన్నారు. నేను జవాబు చెప్పలేదు, కాలు పట్టుకుని నిలబడ్డాను. ఫిల్మ్ బయటి రేడియాలజిస్టుకి పంపారు. భుజం కీలు బాగుంది, మోచెయ్యి బాగుంది, ఎముకల చివర పెరిగే పొరలు బాగున్నాయి. వచ్చింది పానోస్టయిటిస్ అని, పొడుగు ఎముకల లోపల వచ్చే వాపు. ఎదిగే వయసులో పెద్ద జాతి పిల్లల్లో కనిపిస్తుంది, ఒక కాలు నుంచి ఇంకో కాలికి మారుతుంది, చాలావరకు దానంతట అదే తగ్గిపోతుంది. నొప్పి మందు, విశ్రాంతి. మూడు వారాల్లో తగ్గింది, మళ్ళీ ఎడమ వెనక కాలికి వచ్చి అదీ తగ్గింది.

దీనితో నా మాట రుజువైందని నేను అనను. ఆయన మాట తప్పని కూడా ఆ ఎక్స్‌రే చెప్పదు. ఒక్క కుక్కతో ఏదీ తేలదు, అందుకే కార్నెల్‌లోనూ ఉట్రెక్ట్‌లోనూ గుంపులుగా పెంచి చూశారు. నాకు తెలిసింది ఒకటే, ఆ కీళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

స్పెషలిస్టు రిపోర్టు ఆ తర్వాత నెలకి వచ్చింది. పెద్ద జాతి పిల్లల ఆహారమే కొనసాగించమని, ఇంత పెద్ద జాతికి ఏడాదిన్నర దాకా ఆపొద్దని, అదనపు కాల్షియం ఏ రూపంలోనూ వద్దని, రెండు వారాలకోసారి బరువు చూసి గిన్నె సర్దమని. కప్పుతో కాదు, వంటింటి కాటాతో గ్రాముల్లో తూచమన్నారు. కప్పు ఒకరు గుండుగా నింపుతారు, ఒకరు గీతకి నింపుతారు. మా ఇంట్లో మావారి కప్పుకీ నా కప్పుకీ నలభై గ్రాముల తేడా వచ్చింది. బరువు చూడటానికి మొదట్లో వాణ్ణి ఎత్తుకుని బాత్రూం తూకం మీద నిలబడేదాన్ని. 60 పౌండ్లు దాటాక నా నడుము ఒప్పుకోలేదు. క్లినిక్‌లో పెద్ద తూకం ఉంటుంది, అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళి తూచుకోనిస్తారు, డబ్బులు తీసుకోరు. మీ దగ్గరా అడగండి.

డాక్టరుగారిని మార్చమని చాలామంది చెప్పారు. మార్చలేదు. రిపోర్టు వచ్చాక ఆయన దాన్ని చార్టులో పెట్టారు, ప్రోటీన్ గురించి మాత్రం ఒక్క మాట మార్చుకోలేదు. భీముడికి ఒకసారి అర్ధరాత్రి కడుపు ఉబ్బితే, పెద్ద ఛాతీ జాతులకి అది ఎంత ప్రమాదమో తెలుసు కాబట్టి, నేను ఫోన్ చేసిన ఇరవై నిమిషాల్లో క్లినిక్ తలుపు తీసింది ఆయనే. అదృష్టవశాత్తూ కడుపు మెలిపడలేదు. తిండి గురించి నేను ఆయనతో ఏకీభవించను. చెయ్యి గురించి మాత్రం ఏ సందేహమూ లేదు.

ఇప్పుడు వాడికి పద్నాలుగు నెలలు, 128 పౌండ్లు. పోయిన నెల గోళ్ళు తీయించడానికి తీసుకెళ్ళాను. మా ముందు ఒకావిడ రాట్‌వీలర్ పిల్లతో ఉంది, నాలుగు నెలలుంటుంది. తలుపు సగం తెరిచి ఉంది, లోపల డాక్టరుగారి గొంతు వినిపిస్తోంది. పప్పీ ఫుడ్ ఆపేయండి, ప్రోటీన్ ఎక్కువ. అదే మాట. నా పేషెంటు కాదు, నన్నెవరూ అడగలేదు. భీముడి పట్టీ వేలికి చుట్టుకుని కూర్చున్నాను.

బయట పార్కింగ్‌లో ఆవిడ కొత్త సంచీని కారు వెనక పెడుతోంది, పిల్ల ఆమె చెప్పు కొరుకుతోంది. వెళ్ళి పలకరించాను. భీముణ్ణి చూసి ముచ్చట పడింది, ఏం పెడతారని అడిగింది. అడిగింది కాబట్టి చెప్పాను, సంచీ వెనక్కి తిప్పి చూద్దామన్నాను. ఇద్దరం వంగి వెతికాం. నా కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది, ఆవిడకీ కనిపించలేదు. ఫోన్‌తో ఫోటో తీసి వేళ్ళతో పెద్దది చేసింది. అన్ని వయసుల కుక్కలకీ, ఎదుగుదలకి కూడా, అని ఉంది. దాని చివర 70 పౌండ్ల కుక్కల సంగతి. ఆవిడ పైకి చదివింది, "తప్ప" దగ్గర ఆగి మళ్ళీ చదివింది. సంచీ ఇంకా విప్పలేదు. రసీదు ఎక్కడ పెట్టానో అనుకుంటూ హ్యాండ్‌బ్యాగ్‌లో వెతకడం మొదలుపెట్టింది.